రేకుల గదిలో రోగి: రేడియో అయోడిన్ చికిత్స తరువాత ఇంటి భద్రతపై ఒక కేస్ స్టడీ

నేను విజయవాడలోని ఒక ఆసుపత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి వికిరణ (రేడియేషన్) భద్రతాధికారిగా పనిచేస్తున్నాను. ఈ కేసును రోగి, ఆమె భర్త అనుమతితో రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలను కొన్ని వదిలివేశాను, కొన్ని మార్చాను. కొలతలను మాత్రం రిజిస్టరులో ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను. చికిత్సలో విశేషమేమీ లేదు, అది అనుకున్నట్టే జరిగింది. రోగి ఆసుపత్రి గుమ్మం దాటిన తరువాత జరిగినదే రాయదగినదిగా నాకు తోచింది, ఎందుకంటే అందులో మా విభాగం చేసిన పొరపాట్లు, ముఖ్యంగా నేను చేసినవి, కొన్ని ఉన్నాయి.

నేపథ్యం

రోగి ముప్పైలలో ఉన్న గృహిణి. గుంటూరులో రెండు గదుల సొంత ఇల్లు, మేడ మీద పాత సామాను వేసుకునే రేకుల గది ఒకటి. ఇంట్లో భర్త, అత్తగారు, తొమ్మిదేళ్ళ కొడుకు, మూడేళ్ళ కూతురు ఉంటారు. థైరాయిడ్ గ్రంథికి పాపిల్లరీ కార్సినోమా అనే క్యాన్సర్ సోకడంతో గ్రంథిని పూర్తిగా తీసివేశారు. శస్త్రచికిత్స ఎంత నేర్పుగా చేసినా గ్రంథి కణజాలం కొద్దిగా మిగిలిపోతుంది కనుక, దానిని నాశనం చేయడానికి అయోడిన్-131 ఇవ్వాలని వైద్యులు నిర్ణయించారు.

ఈ చికిత్స వెనుక ఉన్న తర్కం చాలా సరళమైనది. థైరాయిడ్ కణాలకు మామూలు అయోడిన్‌కూ రేడియోధార్మిక అయోడిన్‌కూ తేడా తెలియదు, అందువల్ల రెండింటినీ ఒకే ఆకలితో లోపలికి తీసుకుంటాయి. అయోడిన్-131 వెలువరించే బీటా కణాలు కండలో మహా అయితే రెండు మిల్లీమీటర్ల దూరం పోగలవు, కాబట్టి తాము చేరిన కణాలనే చంపుతాయి. అదే పరమాణువు నుండి వచ్చే గామా కిరణాలు మాత్రం ఒళ్ళు దాటి బయటికి వస్తాయి. స్కానింగులో బొమ్మ కనిపించేది ఆ గామా కిరణాల వల్లనే, పక్కన కూర్చున్నవారికి కొంత మోతాదు తగిలేదీ వాటి వల్లనే. దీని అర్ధాయువు సుమారు 8 రోజులు, అంటే ఎనిమిది రోజులకొకసారి దాని బలం సగమవుతుంది. రోగి శరీరంలో ఇంకా త్వరగా తగ్గుతుంది, ఎందుకంటే మిగిలిన గ్రంథి కణజాలం పట్టుకోని అయోడిన్‌లో అధిక భాగం మొదటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోతుంది.

ఆమెకు ఇచ్చిన మందు, రేడియోధార్మికత కొలతలో, 100 మిల్లీక్యూరీలు, అంటే 3.7 గిగాబెక్వెరల్‌లు. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి నియమాల ప్రకారం 30 మిల్లీక్యూరీలు దాటితే రోగిని సీసపు తలుపున్న ప్రత్యేక గదిలో ఉంచాలి. ఒక మీటరు దూరంలో ఉన్నవారికి తగిలే వికిరణ మోతాదు గంటకు 50 మైక్రోసీవర్ట్‌లకు (ఒంటికి తగిలే వికిరణానికి కొలమానం ఇది) దిగిన తరువాతే ఇంటికి పంపాలి. మందు మింగిన గంటకు ఆమె దగ్గర ఒక మీటరు దూరంలో 170 చూపించిన వికిరణ మీటరు మరునాటికి 70కి, రెండవ రోజుకు 28కి, మూడవ రోజుకు 14కు దిగింది. నిబంధన కంటే చాలా తక్కువకు వచ్చిందని మేము సంతోషించి, రెండు పేజీల జాగ్రత్తల కాగితం చేతికిచ్చి పంపివేశాము. అది మే నెల.

సమస్య

మరునాటి సాయంత్రం భర్త ఫోన్ చేశారు. ఇంటి మీది నీళ్ళ ట్యాంకు పక్కనే తన భార్య పడుకుంటోందనీ, ఆ నీళ్ళు పిల్లలు తాగవచ్చా అనీ అడిగారు. తాగవచ్చని చెప్పాను. గామా కిరణాలు తగిలినంత మాత్రాన నీరు రేడియోధార్మికం కాదు, ఎక్స్‌రే తీయించుకున్న మనిషి బయటికి వచ్చి ఎక్స్‌రేలు వెదజల్లనట్టే. ఈ మాట నేను చెప్పాను, ఆయన విన్నారు. అయితే ఆమె ట్యాంకు పక్కన ఎందుకు పడుకుంటోందని నేను అడగలేదు. అది మొదటి పొరపాటు. అడిగి ఉంటే, మే నెల గుంటూరు ఎండలో ఆమెను రేకుల గదికి పంపారన్న సంగతి ఆనాడే తెలిసేది.

నాలుగు రోజుల తరువాత రోగి స్వయంగా ఫోన్ చేసి, కళ్ళు తిరుగుతున్నాయని చెప్పినప్పుడు విషయమంతా బయటపడింది. భోజనం విస్తరిలో పెట్టి మెట్ల మీద ఉంచి వెళుతున్నారు. తిన్న విస్తరిని, ఆమె ముఖం తుడుచుకున్న కాగితాలను పెరట్లో తగలబెడుతున్నారు. ఇంట్లో ఉన్నది ఒకటే మరుగుదొడ్డి. దానిని తాను వాడితే పిల్లలకు హాని కలుగుతుందన్న భయంతో ఆమె నీళ్ళు తాగడమే తగ్గించుకున్నది, ఆ ఎండలో రోజంతటికీ రెండు చిన్న సీసాలతో సరిపెట్టుకున్నది. చికిత్సకు ముందు కొన్ని వారాలు థైరాయిడ్ హార్మోను మాత్రలు ఆపించి ఉన్నందున ఆమె అప్పటికే నీరసంగా ఉన్నది. మళ్ళీ మొదలుపెట్టిన మాత్రల ప్రభావం ఇంకా కనబడలేదు.

ఆ ఇంట్లో ఆ వారం అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నది రోగే, ఆ ప్రమాదం అయోడిన్ వల్ల కాదు, వడదెబ్బ వల్ల. ఇది నా నిశ్చితాభిప్రాయం. ముందుగా చేయించినదీ అదే. ఆమెను ఆ గంటలోనే కిందికి దించి, గాలి వచ్చే చోట కూర్చోబెట్టి, ఉప్పు వేసిన మజ్జిగ, నీళ్ళు తాగించమని భర్తకు చెప్పాను. మా వైద్యురాలు ఆమెతో మాట్లాడి, దగ్గరలోని డాక్టరు చేత రక్తపోటు చూపించారు. వికిరణం సంగతి ఆ తరువాతే.

ఏమి ప్రయత్నించాము, ఏది విఫలమైంది

ఈ రెండు ఫోన్‌ల మధ్య మరొక సంభాషణ జరిగింది. దాని గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే నా వృత్తిలో ఉన్నవారందరూ చేసే పనే నేనూ చేశాను. భర్త మూడవ రోజున మళ్ళీ ఫోన్ చేసి, తన తల్లి మనవరాలిని మెట్ల దరిదాపులకు కూడా పోనీయడం లేదని చెప్పారు. భయపడనక్కరలేదని అన్నాను. వెనుక నుండి పెద్దావిడ గొంతు వినబడింది: "మూడు రోజులు సీసం తలుపు వెనకాల పెట్టినోళ్ళు ఇప్పుడు భయం లేదంటే ఎట్టా నమ్మేది బాబూ?" ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. మేమిచ్చిన కాగితంలో చేయకూడని పనులు పదిహేడు ఉన్నాయి. ఒక్కొక్క నిషేధం ఎంత కాలమో, ఎందుకో మాత్రం రాసి లేదు.

మాటలతో పని కాలేదు కనుక అంకెలకు దిగాను. ఇంటికి పంపిన నాడు ఒక మీటరు దూరంలో గంటకు 14 మైక్రోసీవర్ట్‌లు ఉన్నదనీ, ఛాతీ ఎక్స్‌రే ఒకదానికి సుమారు 20 అనీ, ఛాతీ సీటీ స్కానుకు దాదాపు 7,000 అనీ చెప్పాను. పోలిక ధైర్యమిస్తుందని నా ఆశ. భర్త కొంచెంసేపు ఆలోచించి, "అంటే ఆమె పక్కన కూర్చుంటే గంటన్నరకు ఒక ఎక్స్‌రే తీసినట్టే కదా సార్?" అన్నారు. లెక్క సరైనదే. తీసిపారేయదగినంత చిన్న సంఖ్యగా నాకు కనిపించినది, మూడేళ్ళ పిల్ల తండ్రికి రోజుకు పదహారు ఎక్స్‌రేలుగా కనిపించింది. దూరంతో, రోజులతో ఆ సంఖ్య ఎలా కరిగిపోతుందో చెప్పకుండా, ఒక చోట ఒక నిమిషాన తీసిన కొలతను ఆయన చేతిలో పెట్టడమే నేను చేసిన పని.

అదే సంభాషణలో, మందుల షాపులో పొటాషియం అయోడైడ్ మాత్రలు దొరకలేదనీ, మేము ఇవ్వగలమా అనీ అడిగారు. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తరువాత పోలండులో పిల్లలకు అయోడిన్ ఇచ్చిన సంగతి ఆయనకు ఎవరో చెప్పారట. ఆ సంగతి నిజమే. గాలిలోనో పాలలోనో అయోడిన్-131 శరీరంలోకి పోయే పరిస్థితి ఉంటే, ముందుగా గాని, పోయిన కొద్ది గంటల్లో గాని ఆ మాత్ర వేసుకుంటే థైరాయిడ్ నిండిపోయి, రేడియోధార్మిక అయోడిన్‌కు చోటు లేకుండా పోతుంది. బయటి నుండి తగిలే గామా కిరణాలను ఆ మాత్ర ఆపలేదు. ఈ ఇంట్లో దాని అవసరం లేదు, పిల్లలకు అనవసరంగా ఇవ్వడం మంచిదీ కాదు.

మూడవ ప్రయత్నం వైద్యుల మాట. శస్త్రచికిత్స చేసిన సర్జనుగారు భర్తతో మాట్లాడారు. భర్త సమాధానపడ్డారు గాని, ఇంటి నిర్ణయాలు ఆయన చేతిలో లేవు.

ఇంటికి వెళ్ళాలన్న నిర్ణయం

రోగి ఇంటికి భద్రతాధికారి వెళ్ళడం మా దగ్గర ఆనవాయితీ కాదు. వెళ్ళకూడదనడానికి బలమైన కారణం కూడా ఉన్నది: యంత్రాలతో మనిషి ఇంటికి వస్తే వీధి మొత్తానికి అనుమానం కలుగుతుంది. అయినా వెళ్ళాలనుకున్నది రెండు కారణాల వల్ల. విస్తళ్ళు కాలుస్తున్నారన్న మాట నన్ను ఇబ్బంది పెట్టింది. అయోడిన్ వేడికి ఆవిరయ్యే పదార్థం, అంటుకున్నది ఎంత తక్కువైనా దానిని కాల్చడమంటే చేతిలో ఉన్నదానిని గాలికి వదలడమే. రెండవది, వారు ఇంత కఠినంగా జాగ్రత్తపడుతూ కూడా ఎక్కడో ఒకచోట అసలు జాగ్రత్తను వదిలేసి ఉంటారన్న శంక. భయం దూరాన్ని కొలవదు, కనిపించిన వస్తువునే చూస్తుంది.

మందు ఇచ్చిన తొమ్మిదవ రోజున వెళ్ళాను. గుమ్మం ముందే చేతులకు గ్లౌజులు, కాళ్ళకు తొడుగులు వేసుకుని, మీటరు చప్పుడు ఆపకుండా లోపలికి అడుగుపెట్టాను. ఆసుపత్రిలో అది అలవాటు. ఆ ఇంటి గడపలో అది అపశకునం. టిక్కుటిక్కుమని చప్పుడు పెరిగేకొద్దీ పెద్దావిడ పిల్లను ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. పదిహేడు నిషేధాల కాగితం చేసిన నష్టం కంటే నా గ్లౌజులు ఆ రెండు నిమిషాల్లో ఎక్కువ నష్టం చేశాయని తరువాత అనిపించింది. చప్పుడు ఆపి, గ్లౌజులు విప్పి, ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగాను. ఆ మంచినీళ్ళు తాగడం ముందే ఆలోచించి చేసిన పని కాదు, కాని ఆమె తీరు అక్కడి నుండి మెత్తబడింది.

అప్పుడు ఆమె నా చొక్కాకున్న టీఎల్‌డీ బ్యాడ్జిని చూసి, అది కట్టుకుంటే ఏమీ కాదా, తమకూ ఒకటి ఇవ్వగలనా అని అడిగింది. అది తాయెత్తు కాదు, చిత్రగుప్తుడు, దేనినీ ఆపదు, నాకు తగిలినదంతా లెక్క రాసిపెడుతుంది, అన్నాను. ఏడాదికి మా వంటివారికి అయిదేళ్ళ సగటున 20 మిల్లీసీవర్ట్‌లు, సామాన్యులకు 1 అని పరిమితి ఉన్నదనీ, ప్రకృతి నుండే మనిషికి ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు తగులుతూ ఉంటుందనీ చెప్పాను. చిత్రగుప్తుడి మాట ఆమెకు నచ్చింది, అంకెలు నచ్చలేదు.

మీటరు చూపించినది

అనుకున్నదే జరిగింది. రేకుల గదిలో పరుపు, దిండు మీద తప్ప ఎక్కడా చెప్పుకోదగ్గ మరక లేదు. మరుగుదొడ్డిని, కుళాయి పిడిని దూదితో తుడిచి చూస్తే నామమాత్రం. కాని మెట్ల కింద చిన్న అరలో మీటరు ముల్లు లేచింది. ఆసుపత్రిలో ఆమె కట్టుకున్న బట్టల సంచి అక్కడ ఉన్నది. మా కాగితమే "బట్టలను విడిగా సంచిలో కట్టి ఉంచండి" అని చెప్పింది, ఎక్కడ ఉంచాలో చెప్పలేదు. సంచికి ఆనించి చూస్తే గంటకు 8 మైక్రోసీవర్ట్‌లు. ఆ అరకు పలుచని ప్లైవుడ్ తలుపు, తలుపుకు ఇవతల రెండడుగులు కూడా లేని దూరంలో మూడేళ్ళ పిల్ల పడుకునే చాప.

చాప దగ్గర 0.5 ఉన్నది. వీధిలో 0.12. ఎనిమిది రోజుల అర్ధాయువుతో వెనక్కు లెక్కిస్తే మొదటి రాత్రి 0.8 దాకా ఉండి ఉంటుంది. ఆరు రాత్రులు, రాత్రికి తొమ్మిది గంటలు అనుకుంటే మొత్తం 36 మైక్రోసీవర్ట్‌లు, ఒక వారంలో ప్రకృతి నుండి తగిలేదాని కంటే తక్కువ. పిల్లకు హాని లేదని అక్కడికక్కడే చెప్పగలిగాను. అయినా తల్లిని మేడ మీదికి పంపి, ఆమె బట్టలను పిల్ల తల దగ్గర పెట్టుకున్న ఆ ఇల్లు నాకు చాలా నేర్పింది. మనిషిని చూసి భయపడ్డారు, సంచిని చూసి భయపడలేదు.

ఏది పనిచేసింది

మీటరును పెద్దావిడ చేతికిచ్చాను. రోగిని ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె నుండి మీటరు, రెండు మీటర్లు, మూడు మీటర్ల దూరంలో నేల మీద గీతలు గీయాలంటే సుద్దముక్క దొరకలేదు. పెద్దావిడే ముగ్గుపిండి తెచ్చి గీసింది. వెనుక నుండి ముందుకు నడిపించాను. మూడవ గీత దగ్గర 0.6, రెండవ గీత దగ్గర 1.3, మొదటి గీత దగ్గర 4.8. దూరం సగమైతే దాదాపు నాలుగు రెట్లు పెరుగుతోందని నేను చెప్పనవసరం లేకపోయింది, తిరిగి వెనక్కు నడిచి ఆమె స్వయంగా చూసుకుంది. గోడ అవతలి గదిలోకి వెళితే 0.2కు పడిపోయింది. ఇంటికి పంపిన నాటి 14కు, ఈనాటి 4.8కి తేడా కేవలం ఆరు రోజులదని రిజిస్టరులో చూపించాను. దూరం, అడ్డు, కాలం అని మేము తరగతి గదిలో చెప్పే మూడు సూత్రాలు ఆమె కాళ్ళకు, చేతికి అందినంతగా నా మాటలకు ఎన్నడూ అందలేదు.

మిగిలిన చిక్కు మాటకు సంబంధించినది. ఆ ఇంట్లో ఇంతసేపూ వికిరణాన్ని అంటుగా, మైలగా అర్థం చేసుకున్నారు. తాకితే పాకుతుంది, పాకినవారి నుండి మరొకరికి పోతుంది, స్నానంతో తప్ప వదలదు. తమాషా ఏమిటంటే ఇందులో సగం నిజం. శరీరం నుండి దూసుకువచ్చే గామా కిరణం అంటుకోదు, ఆమె లేచి వెళ్ళిపోతే అది కూడా వెళ్ళిపోతుంది. కాని ఉమ్మి, చెమట, మూత్రం ద్వారా బయటికి వచ్చిన అయోడిన్ పదార్థం, అది నిజంగానే అంటుకుంటుంది. మొదటిదానికి నేను పొయ్యి సెగతో పోలిక చెప్పాను: జరిగితే తగ్గుతుంది, చేతితో పట్టుకుపోలేము. రెండవదానికి పోలిక పెద్దావిడ నోట వచ్చింది. ఆమె ఎన్నో ఏళ్ళు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళిన మనిషి. "అయితే చేతికి కారం అంటినట్టన్నమాట. కడుక్కోకుండా కంటికి తగిలిస్తే మంట" అన్నది. నేను ఇన్నేళ్ళలో ఇంతకంటే మంచి నిర్వచనం వినలేదు. కారానికి కడుక్కుంటాము గాని కారం పట్టిన మనిషిని మేడ మీదికి తరమము కదా అని కోడలు నవ్వింది. ఆ ఇంట్లో ఆ రోజు అదే మొదటి నవ్వు.

అక్కడ కూర్చునే కొత్త ఏర్పాటు రాసుకున్నాము. పిల్లను తల్లి దగ్గరకు ఎప్పుడు పంపాలన్న నిర్ణయం మీద నేను ఎక్కువసేపు ఆలోచించాను. మిగిలిన అయోడిన్ ఏడు రోజులకొకసారి సగమవుతుందని అనుకుంటే, పిల్ల రాత్రింబగళ్ళు మీటరు దూరంలోనే ఉండిపోయినా అంతా కలిపి 1.2 మిల్లీసీవర్ట్‌లు మించవు. రోజుకు మూడు గంటలైతే అందులో ఎనిమిదవ వంతు. ఒడిలోకి తీసుకుంటే మోతాదు వేగం చాలా ఎక్కువ, అయినా అయిదు నిమిషాల కౌగిలికి తగిలేది కొన్ని మైక్రోసీవర్ట్‌లు మాత్రమే. మరో రెండు వారాలు పక్కలో పడుకోబెట్టుకోవద్దు, ముద్దులు వద్దు, రోజుకు రెండుసార్లు కాసేపు ఎత్తుకోవచ్చు అని రాశాను. పిల్ల పూర్తిగా దూరంగా ఉంటే మోతాదు ఇంకా తగ్గేది, ఆ మాట నిజమే. కాని తల్లి కనిపించడం లేదని ఆరు రోజులుగా అన్నం తినని పిల్ల విషయంలో ఆ తగ్గింపుకు నేను విలువ కట్టలేకపోయాను.

ఆమె వెనుక గదిలో, ఫ్యాను కింద పడుకుంటుంది. మరుగుదొడ్డి అందరూ వాడతారు, ఆమె వాడిన తరువాత రెండుసార్లు నీళ్ళు కొట్టి చేతులు కడుక్కుంటుంది. కంచం విడిగా ఉంచి మామూలుగానే తోముతారు. ఏదీ కాల్చరు. దిండు గలేబు, పక్కబట్టలు కూడా సంచిలోకి చేర్చి, సంచిని రేకుల గదిలోకి చేర్చి, ఆ గదికి తాళం వేయించాను. ఆ గది చివరికి దానికి తగిన పనికి వచ్చింది.

తరువాత

ఆ నెలలోనే మా కాగితాన్ని తిరగరాశాము. పదిహేడు నిషేధాలు తొమ్మిదికి తగ్గాయి. ఒక్కొక్కదాని పక్కన అది ఏ తేదీ వరకు వర్తిస్తుందో చేతితో రాస్తున్నాము, "జాగ్రత్త పడండి" అన్న మాటను పూర్తిగా తీసివేశాము. సంచిని మేమే ఉంచుకుంటున్నాము. ఎక్కువ నీళ్ళు తాగాలన్న వాక్యం మొదటిది, చల్లని గదిలో ఉండాలన్నది రెండవది. డిశ్చార్జి రోజున, ఇంట్లో నిర్ణయాలు చేసే మనిషి ఎవరో అడిగి, వారిని పిలిపించి, వారి చేతికి మీటరు ఇస్తున్నాము. దీనికి అదనంగా ఇరవై నిమిషాలు పడుతుంది. ఓపీ రద్దీ ఉన్న రోజున మా సిబ్బంది సణుగుతారు, ఒక్కొక్కసారి నేనూ సణుగుతాను.

పది అర్ధాయువులు అంటే ఎనభై రోజులు. అప్పటికి మొదట ఉన్నదానిలో వెయ్యవ వంతుకు మించి మిగలదు. ఆగస్టులో భర్త ఆ సంచిని విజయవాడ తెచ్చారు. మీటరు 0.12 దగ్గరే నిలిచింది. వీధిలో ఎంతో, సంచిలోనూ అంతే. బట్టలు ఉతికి వాడుకోవచ్చని రాసి ఇచ్చాను. ఆరు నెలల పరీక్షకు వచ్చినప్పుడు రోగిని ఆ సంచిలోని చీర సంగతి అడిగితే, అత్తగారు దానిని రెండుసార్లు ఉతికి, ఆరేసి, మడతపెట్టి బీరువాలో పెట్టారనీ, కట్టుకోమని మాత్రం ఇంకా ఇవ్వలేదనీ చెప్పింది.